రెండు మండలాల టీచరు

స్వరూప గట్టు మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే టీచరు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగమే. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, మంచం దిగలేనివాళ్లు, మండలం మొత్తం మీద ముప్పై నలుగురు పిల్లలకు ఆమె ఒక్కతే. అయినా వారం తిరిగేలోపు ప్రతి ఒక్కరి దగ్గరికీ ఒక్కసారైనా పోయేది.

వాళ్లలో ఫరా అంటే ఆమెకు ప్రాణం. ఆ పిల్లకు పుట్టుచెవుడు. ఏడేళ్లొచ్చినా దేనికైనా పేరుంటుందని తెలియదు. ఆకలేస్తే ఏడ్చేది, కోపమొస్తే కొరికేది. స్వరూప నాలుగు నెలలు దాని ముందు కూర్చుని చేతులాడించింది. ఒకరోజు ఫరా తన తల్లి తాజ్‌బీ వంక చూసి, తన ముక్కు మీద పుడక ఉండే చోట వేలు ఆనించింది. అది ‘అమ్మ’ అనే సైగ. తాజ్‌బీ పొయ్యి ముందు అట్లాగే కూలబడిపోయింది. రెండేళ్లలో ఫరా మూడొందల సైగలు నేర్చింది.

నిరుడు జూన్‌లో, మానవపాడు మండలంలో ఇదే పని చేసే టీచరు వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. ఆ ఖాళీ నింపలేదు. ఆ మండలం కూడా స్వరూపే చూడాలని కాగితం వచ్చింది. గద్వాలలో బస్సు మారి అక్కడికి చేరేసరికి సగం పూట దారిలోనే పోతుంది. జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంది.

“రెండు మండలాలు నాతోని కాదు సార్. పిల్లలు ఆగమైతరు.”

“కొత్తోళ్లొచ్చేదాక జర సర్దుకో అమ్మా,” అన్నాడు అధికారి.

ఏడాది దాటినా ఎవరూ రాలేదు. ఫరా వంతు నెలకొకసారి అయింది. ఫరా చదివే ఊరి బడిలో సైగలు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. హెడ్మాస్టరు భాస్కర్ మంచివాడే కానీ, ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. ఆయన తిప్పలు ఆయనవి.

మొన్న ఆగస్టులో స్వరూప వెళ్లేసరికి ఫరా బడిలో లేదు.

“ఇరవై దినాలాయె మేడం. సీడుపత్తి చేన్లకు పోతుందంట,” అన్నాడు భాస్కర్.

విత్తనాల కోసం పత్తి పండించే ఆ చేనుదాకా స్వరూప ఎండలో నడిచింది. ఫరా ఆడవాళ్ల మధ్య సాలులో నిలబడి, మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు పుప్పొడి రుద్దుతోంది. స్వరూప ఎదురుగా వెళ్లి, బాగున్నావా అని సైగ చేసింది. ఫరా ఆ చేతుల్ని కాసేపు చూసింది. తల దించుకుని ఇంకో పువ్వు అందుకుంది.

“ఎందుకు మాన్పించినవ్ తాజ్‌బీ?” అని పక్క సాలులో ఉన్న తల్లిని అడిగింది.

“పోయి ఏం జేస్తది మేడం? పొద్దంత గోడకానుకొని కూసుండి వస్తుండె. దాంతోని మాట్లాడేటోళ్లు లేరు. ఇంట్ల గూడ సైగలు బంద్ వెట్టింది. నేను చేసినా చూస్తలేదు.” తాజ్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వొచ్చిన దినమే దానికి బడి. మిగిలిన దినాలు నేనేం జెయ్యాలె, చెప్పు.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని స్వరూపకు అనిపించింది. వచ్చే వారం వస్తాను, పంపించు అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. వచ్చే వారం మానవపాడు వంతు.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఫోన్ మోగింది. మానవపాడు నుంచి గురవమ్మ. ఆమె కూతురు శ్వేతకు నడక రాదు.

“మేడం, పిల్ల కాళ్లు మళ్ల బిగుసుకపోతున్నయ్. నువ్వు చూపిచ్చిన కసరత్తు నాకు వస్తలేదు. ఎప్పుడొస్తవ్?”

“సోమారం వస్తనమ్మా,” అంది స్వరూప.

సోమవారం పొద్దంతా గద్వాలలో మీటింగు ఉంది. ఆ సంగతి స్వరూపకు తెలుసు.