గౌస్ పంపిన ప్యాచ్

2012లో నేను నారాయణఖేడ్ బస్ డిపో దగ్గరి ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేదాన్ని. తీరిక దొరికినప్పుడల్లా, అందరూ ఉచితంగా వాడుకునే ఒక టెక్స్ట్ ఎడిటర్ కోసం స్వచ్ఛందంగా పనిచేసేదాన్ని. ప్రోగ్రాములు రాసుకునే ఆ ఎడిటర్ లోపలే ఒక షెల్ ఉండేది. షెల్ అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేసి, జవాబులు అక్కడే చదువుకునే చోటు. దానికి ఎవరైనా మార్పు రాసి పంపితే దాన్ని ప్యాచ్ అంటాం. షెల్‌కు వచ్చే ప్యాచ్‌లను రివ్యూ చేసి, తీసుకోవాలో తిప్పి పంపాలో చెప్పడం నా బాధ్యత.

ఆ షెల్ మహా నెమ్మది. జవాబు కాస్త పొడవైతే చాలు, ఎడిటర్ మొత్తం బిగుసుకుపోయేది. మా పాత కంప్యూటర్ల ముందు విద్యార్థులు చేతులు కట్టుకుని కూర్చునేవారు. అందుకే గౌస్ అనే అతని ప్యాచ్ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వచ్చిన ప్రతి ముక్కనూ వెంటనే తెర మీద వేయకుండా, లైను పూర్తయ్యేదాకా కూడబెట్టి ఒకేసారి వేస్తుందది. కోడ్ శుభ్రంగా ఉంది. పరీక్షలన్నీ నెగ్గింది. కొత్త రిలీజ్ దగ్గరపడింది, ఈ వారంలోనే తేల్చమని ప్రాజెక్టు పెద్ద మెయిలు పెట్టాడు.

సరే అనేముందు ఒకపూట దాంతోనే నా పని చేసుకుందామనిపించింది. ఒక ఆదేశం ఇచ్చాను. తెర మీద ఏమీ రాలేదు. ఎంత చూసినా రాలేదు. వెతగ్గా వెతగ్గా తెలిసింది, ప్రోగ్రాం నన్ను పాస్‌వర్డ్ అడుగుతోందని. ప్రశ్న అడిగిన చోట లైను పూర్తి కాదు, జవాబు కోసం కర్సర్ అక్కడే ఆగి ఉంటుంది. దాంతో ప్యాచ్ ఆ ప్రశ్నను తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

సంగతి రాసి తిప్పి పంపాను. వేడివేడిగా జవాబొచ్చింది. మరో రెండు రోజులకు మనిషే వచ్చాడు. నా మెయిళ్ల కింద మా కేంద్రం పేరు, ఊరి పేరు ఉండేవి. అతనిది పక్కనే కంగ్టి, ఉద్యోగం హైదరాబాద్‌లో.

"అక్కా, నేనే గౌస్‌ను. ఇంటికి పోతున్న, మిమ్మల్ని కలిసే పోదామని దిగిన. గింత కష్టపడి రాస్తే గా చిన్నదానికి ఆపుతరా?"

"ఆపుతలేను. సరిచెయ్యమంటున్న."

"రిలీజ్ అయిపోతది గద. ఇప్పుడు తీసుకోండ్రి, గది తర్వాత చూద్దాం."

వాదించదలచుకోలేదు. నా కుర్చీలో అతన్నే కూర్చోబెట్టాను. అతను పంపిన కోడ్ ఉన్న ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి, అతని ప్యాచ్ పెట్టిన షెల్ నుంచే, అందులో పాత ఫైళ్లు శుభ్రంచేసే మా కేంద్రం ప్రోగ్రాం నడపమన్నాను. అతను ఆదేశం కొట్టాడు. తెర ఖాళీగా ఉంది.

"ఏందక్కా గిది, ఆగిపోయినట్టున్నది" అంటూ ఎంటర్ నొక్కాడు.

అప్పుడు లైను పూర్తయి కనిపించింది. అన్నీ తీసేయాలా అన్న ప్రశ్న, పక్కనే తీసేశానన్న కబురు. ఉత్త ఎంటర్ కొడితే ఆ ప్రోగ్రాంకు అవునన్నట్టే. గౌస్ ఫోల్డర్ తెరిచాడు. ఒక్క ఫైలూ లేదు. కాపీ అని తెలిసినా అతని మొహం వాడిపోయింది.

"నన్ను అడగకుండనే తీసేసిందా?"

"అడిగింది. నీకు కనబడలే."

గౌస్ ఆ ఖాళీ ఫోల్డర్ మూసేశాడు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇగ బస్సు సంగతి తర్వాత. చేద్దాం పట్టండ్రి."

జవాబు ముక్కలు రావడం రెప్పపాటు ఆగితే చాలు, లైను పూర్తికాకపోయినా చేతిలో ఉన్నది తెర మీద వేయాలన్నది మా ఉపాయం. మొదటి ప్రయత్నానికి వేగమంతా పోయింది. "మళ్ల మొదటికే వచ్చిందక్కా" అని తల పట్టుకున్నాడు. నాకూ విసుగొచ్చింది, కానీ ఇద్దరం లేవలేదు. ఆగే వ్యవధిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాం. మధ్యలో కరెంటు పోయింది, వచ్చేదాకా కాగితం మీద గీసుకున్నాం. పొద్దు వాలేసరికి ప్రశ్నలు కనబడుతున్నాయి, వేగం కూడా చాలావరకు నిలిచింది. గౌస్ ఆటో పట్టుకుని కంగ్టి వెళ్లాడు.

సవరించిన ప్యాచ్ మర్నాడే పంపాడు. రోజంతా వాడి చూసి ఒప్పుకున్నాను. అతని పేరుతోనే రిలీజ్‌లో చేరింది.

అప్పటినుంచి ఏ ప్యాచ్‌నైనా చదివినంతమాత్రాన ఒప్పుకోలేదు. దాంతో నా సొంత పని చేసుకున్నాకే సరే అన్నాను. తప్పు కనబడితే తిప్పి పంపి ఊరుకోకుండా, రాసినవాళ్లతో కలిసి కూర్చోవడమూ అలవాటైంది. యంత్రం నెమ్మదిగా ఉంటే మనిషి తిట్టుకుంటూనైనా వాడుకుంటాడు. తనను ఏదో అడిగారని తెలియకముందే తన జవాబు నమోదైపోతే, ఆ వేగం అతనికి ఎందుకు?