అత్త కుట్టిన వేట సంచి

మైనం పూసిన దారం వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న పావగడలో చెప్పులు కుట్టే అంగడి ముందు అలాగే నిలబడిపోయాను. నాగమ్మత్త గుర్తొచ్చింది. ఆమె నాకు బంధువు కాదు, పక్కింటి మనిషి. భర్త పోయాక రవికలు కుట్టి బతికింది. మూఢాచారాల మీద పత్రికల్లో, సభల్లో నిప్పులు చెరిగే నాకు, ఎక్కడ ఆగాలో నేర్పింది ఆమే.

సోలార్ పలకలు మా వేరుశెనగ చేన్లను కప్పేసిన కొత్తల్లో సంగతి. అప్పటికి వేట పేరుకే మిగిలింది. అయినా ఉగాది మరునాడు మగవాళ్లు గుట్ట కిందికి పోయి, గడ్డితో చేసిన పందిని ఉండేలుతో కొట్టి వచ్చేవారు. వేట సామాను ఆడవాళ్లు ముడితే గురి తప్పుతుందట. ఉండేలుకు వాడే మట్టి ఉండల సంచి కూడా ఎవరిది వాళ్లే కుట్టుకోవాలి. మొదటి ఉండ విసిరే ఓబళప్ప సంచి ఆ ఏడు చీకిపోయింది. గుట్ట మీది మేక కనిపించే ఆయనకు సూది కన్ను కనిపించదు.

ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం నాగమ్మత్త తలుపు తోశాను. సోలార్ సామానుకు చుట్టి వచ్చిన దళసరి కేన్వాసు ఆమె ఒళ్లో ఉంది. మిషన్ సూది రెండుసార్లు విరిగిందట, దబ్బనంతో కుడుతోంది. మట్టి ఉండలు ఒకదానికొకటి తగిలి పగలకుండా లోపల పాత దుప్పటి ముక్కతో వేరే అర. భుజం ఒరుసుకోకుండా వెడల్పాటి పట్టీ. పక్కన ఓబళప్ప దొంగలా ముడుచుకు కూర్చొని దారానికి మైనం పూస్తున్నాడు.

"తలుపెయ్యప్పా! ఊరంతా తొంగి చూసేట్టుండాది," అంది అత్త.

నాకు పండగైంది. "అత్తా, వేట పొద్దు గురి తగలంగానే అందరి ముందర చెప్పేస్తా. నోళ్లు మూతపడతాయి!"

ఆమె దబ్బనం ఆపింది. "నువ్వు చెప్పి గెలుస్తావు, పేపర్లో రాసుకుంటావు. ఆమీట నాకాడికి రవిక గుడ్డ ఎవరు తెస్తారు? నువ్వేమన్నా తొడుక్కుంటావా?"

ఓబళప్ప నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు నవ్వు రాలేదు. నా వాదనలో తప్పు లేదు, కానీ దెబ్బ తినేది నేను కాదు.

వేట రోజు మొదటి ఉండకే గడ్డిపంది పడింది. తిరిగొచ్చిన వాళ్ల కాళ్లకు నీళ్లు పోయడానికి ఊరి మొదట్లో ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమప్పా ఓబళప్పా, సూది కనపడదంటివే, కుట్టు ఇంత వరసగా ఉండాది?"

ఓబళప్ప సంచి అందుకోబోయాడు. నా నాలుక చివరి దాకా మాట వచ్చింది. మింగేశాను. ఏ సభలోనూ నేను అంత కష్టపడలేదు.

నాగమ్మత్త బిందె దించింది. "నేనే కుట్టినా. గురి తగిలినాదా లేదా?"

ఎవరూ కేకలు వేయలేదు. ఆమె పక్కనున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు, అంతే. ఆ ఎండాకాలమంతా ఆమె మిషన్ చప్పుడు వినిపించలేదు.

"నన్ను చెప్పొద్దని, నువ్వే ఎందుకు చెప్పినావత్తా?" అని అడిగాను.

"నువ్వు చెప్పుంటే నన్ను పట్టిచ్చినట్టుండేది. నేను చెప్తే నా పని నేను చెప్పుకున్నట్టుండాది," అంది.

వానలు మొదలయ్యాక ఓబళప్ప కోడలు పట్టపగలు, అందరూ చూస్తుండగా రవిక గుడ్డ తెచ్చి ఇచ్చింది. తర్వాత ఇంకొకామె.

అత్త ఇప్పుడు లేదు. ఆచారాల మీద నా కోపం ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఎవరి సంగతి రాసినా, పత్రికకు పంపేముందు వాళ్ల గడప దగ్గరికి పోయి అడుగుతాను: "నేను చెప్పనా, నువ్వే చెబుతావా?" చాలామంది వద్దంటారు. అచ్చుకు పోని ఆ కాగితాలు నా దగ్గర కట్టలుగా ఉన్నాయి.