పెసరట్లు పోయి వాచ్‌మన్లు వచ్చిన వైనం

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గొప్ప. దాని వెనక కాంట్రాక్టు అనే తోక ఉందో లేదో ఎవరూ చూసేవారు కాదు. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. ఏలూరులో కంప్యూటర్ కోర్సు చేసి, తాడేపల్లిగూడెం నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీలో (ఊరి పేరు చెప్పను, అక్కడ నాకింకా చుట్టాలున్నారు) ఆపరేటర్‌గా చేరాను. ఆ ఆదివారమే మా నాన్నగారు చర్చిలో లేచి నిలబడి, "ప్రభువు మా అమ్మాయికి గవర్నమెంటు ఉద్యోగం ఇచ్చాడండీ" అని సాక్ష్యం చెప్పేశారు. ఆరు నెలలకోసారి దాన్ని పొడిగించాలన్న సంగతి ప్రభువుకి తెలుసు గానీ సంఘానికి తెలియదు.

ఆఫీసులో నాకు పని నేర్పింది పెద్ద గుమాస్తా గారు. అందరూ ఆయన్ని తీర్మానం తాతగారు అనేవారు. మా కౌన్సిల్లో ఒక ఆనవాయితీ ఉండేది. సభ్యులు మినిట్స్ పుస్తకంలో ఖాళీ పేజీ అడుగున ముందే సంతకాలు గిలికేసి వెళ్లిపోతే, పైన తీర్మానం ఈయన తీరిగ్గా రాసుకునేవారు. తర్వాత ఆ పుస్తకం చైర్‌పర్సన్ గారి ఇంటికి వెళ్లి, ఆవిడ సంతకంతో తిరిగొచ్చేది. (ఆవిడ మహిళల రిజర్వేషన్‌లో గెలిచినావిడ. మాట్లాడేదంతా వాళ్లాయనే కాబట్టి, సంతకం కూడా ఆయన వేలు పెట్టిన చోటే పెడతారని మా అందరి గట్టి నమ్మకం.)

ఆ ఏడాది స్టేషన్ రోడ్డులో గొలుసు దొంగలు ఎక్కువయ్యారు. మూడో గొలుసు పోయాక, ఎప్పుడూ నోరు విప్పని చైర్‌పర్సన్ గారు సమావేశంలో "వాచ్‌మన్లని పెడదామండీ" అన్నారు. అందరూ బల్లలు చరిచారు. డబ్బెక్కడిదనేసరికి చరిచిన చేతులన్నీ ఒళ్లోకి వెళ్లిపోయాయి. ఇంటి పన్ను పెంచుదామంటే ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఆకివీడు నుంచి వచ్చే చేపల లారీల మీద రుసుం వేద్దామని ఎవరో అనగానే, సొంతానికి నాలుగు లారీలున్న సభ్యుడు (మేం చాటుగా లారీబాబు గారనేవాళ్లం) లేచి నిలబడ్డారు.

"ఏవండీ, లారీ నీళ్లు కారుస్తుంది గానీ ఆడాళ్ల మెళ్లో గొలుసులు తెంపదు కదండీ!"

అని ఊరుకున్నారా, గదంతా కలియజూసి, కాగితాలు అందించడానికి మూలన నిలబడ్డ నా దగ్గర చూపు ఆపారు. "మనకి కంప్యూటర్ అమ్మాయిలు ఇద్దరెందుకండీ? ఒకరు చాలు కదా. ఆ జీతంతో ముందు ఒక్క వాచ్‌మన్‌నైనా పెట్టుకోవచ్చు. ఏమీ అనుకోకమ్మా."

తర్వాత చేరింది నేనే కాబట్టి పోయేదీ నేనే. అయినా నేనేమన్నానో తెలుసా? "పర్లేదండీ" అన్నాను! ఉద్యోగం ఊడబెరుకుతుంటే పర్లేదన్న మనిషిని మీరెక్కడైనా చూశారా? మిగతావాళ్లు నా మొహం చూసి అవుననలేక, లారీబాబు గారి మొహం చూసి కాదనలేక నీళ్లు నములుతుండగా పెసరట్టు ఉప్మా వచ్చింది. దాంతో చర్చ ఆగిపోయింది. "ఏదో ఒకటి మీరే రాసేయండి తాతగారూ" అని సంతకాలు పెట్టి, తిని, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

తాతగారు కలం పట్టుకుని కూర్చున్నారు. "నీ ఉద్యోగం తీసేసినట్టు రాయడానికి చెయ్యి రావట్లేదమ్మా. ఏం రాయమంటావు?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆదివారం మా నాన్నగారు చర్చిలో ఏ మొహంతో కూర్చుంటారు? ఎదురుగా ఎంగిలి ప్లేట్ల గుట్ట కనబడేసరికి ఆ ఏడుపు కాస్తా కోపమైంది. "ఈ పెసరట్లూ, కూల్‌డ్రింకులూ, ఎవరొచ్చినా కప్పే శాలువాలూ ఆపేయమని రాయండి. ఇద్దరు వాచ్‌మన్లొస్తారు!" అన్నాను.

తాతగారు కళ్లజోడు సర్దుకున్నారు. ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. తన గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాశారు: "సభవారు కూలంకషముగా చర్చించి, సమావేశపు ఫలహారములు, శాలువాల ఖర్చు నిలిపివేసి, ఆ మొత్తముతో ఇద్దరు వాచ్‌మన్లను నియమించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." మర్నాడు పుస్తకం చైర్‌పర్సన్ గారి సంతకంతో తిరిగొచ్చింది. ఎక్కడ బయటపడుతుందోనని నేను మాత్రం నెల్లాళ్లు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాతి సమావేశంలో బల్లల మీద మంచినీళ్లే ఉన్నాయి. లారీబాబు గారు రెండుసార్లు తలుపు వైపు చూసి, ఉండబట్టలేక "ఫలహారం రాలేదేంటండీ?" అన్నారు. చైర్‌పర్సన్ గారు తీర్మానం చదివించారు.

"ఎవరండీ ఇలా రాసింది?"

"ఈ కింద సంతకం మీదేనాండీ?" అన్నారావిడ, చాలా మర్యాదగా.

"నాదేనండి."

"మరి చదివే పెట్టుంటారు కదండీ."

చదవలేదని నిండు సభలో ఎలా ఒప్పుకుంటారు? మర్నాటికల్లా విలేకరిని పిలిచి, ప్రజల కోసం తిండి మానుకున్నది తనేనని చెప్పుకున్నారు కూడా. స్టేషన్ రోడ్డులో ఇద్దరు వాచ్‌మన్లు ఈలలు వేస్తూ తిరగడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం నిలిచింది. (మిగిలిన పెసరట్లు ఎప్పుడూ స్టాఫుకే వచ్చేవి కాబట్టి, మా అటెండరు నాతో చాలాకాలం మాట్లాడలేదు.)

ఏడాది తర్వాత ఏలూరులో వేరే ఉద్యోగం వచ్చి, వెళ్లేముందు చైర్‌పర్సన్ గారి ఇంటికెళ్లి తప్పు ఒప్పేసుకున్నాను. ఆవిడ ఫక్కున నవ్వారు. "ఆ పేజీ రెండుసార్లు చదివానమ్మా. మావారు ఆ పూట చేపల చెరువుల మీదకి వెళ్లారులే. రాత తాతగారిదే గానీ, ఆయనకంత కోపం ఎక్కడిది? నువ్వే అనుకున్నా. మావారు తిరిగొచ్చేలోగా గబగబా సంతకం పెట్టేశాను."

కౌన్సిల్ మొత్తాన్నీ బోల్తా కొట్టించానని ఏడాదిపాటు మెడ నిక్కించుకుని తిరిగిన ఆ ఇరవైరెండేళ్ల పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తనని కాపాడిన మనిషికి రోజూ నమస్కారం పెడుతూ, లోలోపల ఆవిణ్ణి చూసి జాలిపడేది పిచ్చిది.