సోమవారం పట్టని బ్రేకు

మా నాయన బేల్దారి మేస్త్రి. మార్కాపురంలో ఎక్కడ కొత్త గోడ లేస్తున్నా దాని పక్కన ఆయన సైకిలు కనిపించేది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంక సైకిలు తొక్కితే మంచాన పడతావు అని డాక్టరు చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒకటే.

"తొక్కగూడదు సరే. ఎక్కగూడదా?"

ఆటోలో పొమ్మన్నాం. ఆటోవాడు నిండిందాకా కదలడు, పనికాడికి పోయేసరికి పొద్దెక్కుతుందన్నాడు. నా బండి వెనక కూర్చోమన్నాను. "ఒకరి ఈపు చూసుకుంటా పనికి పోయేదానికంటే ఇంట్లో కూచునేది మేలు" అన్నాడు. ఇంట్లో కూర్చుంటే ఆ మనిషి ఏమైపోతాడో నాకూ అమ్మకూ బాగా తెలుసు. వానలకు పని ఆగిన రోజుల్లో ఊరికే ఉండలేక, శుభ్రంగా నిలబడి ఉన్న మా దొడ్డి గోడను పడగొట్టి మళ్ళీ కట్టే రకం ఆయన. అందుకని సైకిలునే దానంతటది నడిచేట్టు చేద్దామని నిశ్చయించుకున్నాను.

మార్కాపురంలో నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. గోరంత స్క్రూలు విప్పి బిగించేవాడికి సైకిలు ఒక లెక్కా అని నా ధీమా. ఆన్‌లైన్‌లో సామాను తెప్పించాను. ముందు చక్రంలోనే ఇమిడిపోయిన మోటారు, కరెంటును అదుపుచేసే చిన్న పెట్టె, హ్యాండిల్‌కు బిగించే యాక్సిలరేటరు, కొత్త బ్రేకులు. బ్యాటరీ మాత్రం నేనే కూర్చాను. దాన్ని పెట్టడానికి మూత గట్టిగా పట్టే డబ్బా కావాల్సి వచ్చి, అమ్మ ఊరగాయ డబ్బా ఖాళీ చేశాను. ఎంత కడిగినా వాసన పోలేదు. ఆ సైకిలు పక్కన నిలబడితే అన్నం గుర్తొచ్చేది.

మొదటి పరీక్షకు వీధంతా వచ్చింది. మా ఊరు మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య ఉంటుంది. నాయన మార్కాపురం వైపు తిరిగి సీటెక్కి, గంభీరంగా యాక్సిలరేటరు తిప్పాడు. సైకిలు వెనక్కి పోయింది. ఆయన కాళ్ళు నేలకు ఆన్చి ఆపి, నా వైపు చూశాడు.

"రేయ్, మార్కాపురం పొమ్మంటే ఇది గిద్దలూరు పోతాందేందిరా?"

చక్రాన్ని కుడిఎడమలు మార్చి బిగించాను. అందరూ నవ్వుతుంటే నట్లే చూస్తూ పని కానిచ్చాను. మాట్లాడితే తిట్లే వచ్చేవి.

మా వాళ్ళలో ఇంటికి కొత్తది ఏదొచ్చినా, బోరు మోటారు కానీ మిక్సీ కానీ, ప్రార్థన చేయించనిదే వాడరు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అయ్యగారు వచ్చి సైకిలు సీటు మీద చెయ్యి పెట్టారు. మోటారును, బ్యాటరీని, వైర్లను పేరుపేరునా ప్రభువు చేతికి అప్పగించారు. ప్రార్థన నూనెను బొటనవేలితో హ్యాండిల్‌కు కొంచెం రాసి, మిగిలిన సీసా అమ్మకు ఇచ్చి వెళ్ళారు.

మర్నాడు సోమవారం. మా ఊరి నుంచి రోడ్డెక్కే ముందు చెరువు కట్ట దిగాలి. ఆ దిగుడులో బ్రేకు పట్టక నాయన నేరుగా ఎవరిదో గడ్డివామిలోకి పోయాడు. సైకిలు నెట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. దెబ్బలేమీ తగల్లేదు. అమ్మ ఆయన తలలోని గడ్డిపరకలు ఏరి పారేస్తూ, "ప్రార్థన తక్కువైంది" అని తేల్చేసింది.

నాకు మాత్రం అనుమానమంతా వైర్ల మీద. బ్రేకు నొక్కగానే మోటారుకు కరెంటు ఆపే చిన్న స్విచ్చొకటి ఉంటుంది. అది చెడి ఉంటుందనుకున్నాను. మా పనిలో ఏది ముట్టుకున్నా ముందు జిడ్డు వదిలించే థిన్నరుతో తుడవడం అలవాటు. సైకిలంతా చక్రాలతో సహా తుడిచి, స్విచ్చు మార్చాను. బ్రేకు నొక్కితే సైకిలు కొట్టినట్టు ఆగింది. ఆ వారమంతా నాయన దర్జాగా పనికి పోయి వచ్చాడు. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ నా ప్రతాపం చెప్పుకున్నాను. వాళ్ళు ఫోనులో చార్జింగ్ ఎక్కట్లేదని వచ్చినవాళ్ళు, పాపం.

తర్వాతి సోమవారం కట్ట దిగుడులో చెప్పులు నేలకు రాపించి ఎట్లాగో గట్టెక్కాడు కానీ, పని జరిగేచోట ఆగలేక ఇసుక కుప్పలో దిగబడ్డాడు. కూలీలంతా చూశారు. ఇల్లు కట్టించే ఆసామి దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, ఇంక ఇంటికాడ ఉండరాదా" అన్నాడట. ఆ మాట మాతో చెప్పి నాయన తాపీ, తూకంగుండు ఉన్న సంచి తీసి అటక మీద పెట్టాడు.

"ఇంకొక్క సోమారం చూస్తా. అప్పుడు గూడా పట్టకపోతే ఇంక నేను పనికి పోయేది లేదు."

నాకు భయమేసింది. మళ్ళీ అంతా తుడిచి, ఈసారి కరెంటు పెట్టెనే మార్చేశాను. బ్రేకు బ్రహ్మాండంగా పట్టింది. కానీ ఈ సోమవారం పీడ ఏమిటి? ఆలోచించి ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టాను. ఆదివారం బండికి పని లేదు కాబట్టి బ్యాటరీ పూర్తిగా నిండి, మర్నాడు మోటారు పొగరు మీద ఉంటోంది. నాయన విన్నాడు కానీ, నమ్మలేదని మొహమే చెప్పింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం బజారులో కరెంటు పోయింది. దుకాణం మూసి తొందరగా ఇంటికి వచ్చాను. వసారాలో సైకిలుకు స్టాండు వేసి, దాని ముందు పీట మీద అమ్మ కూర్చుని ఉంది. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో రిమ్ము చుట్టూ నూనె పట్టిస్తోంది. సరిగ్గా బ్రేకు రబ్బరు ఆనుకునే చోట.

"ప్రభువా, ఈ మనిషి వద్దంటే ఇనడు. నువ్వే కాపాడాల" అంటోంది.

మార్చిన స్విచ్చు, మార్చిన పెట్టె, నా సిద్ధాంతం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. థిన్నరుతో నేను తుడవడం, ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అమ్మ నూనె రాయడం, ఇంతే జరుగుతూ వచ్చింది. ఒంటికాలి మీద లేవబోయాను.

అమ్మ నన్ను చూసి, "ఏందిరా అట్ట చూస్తావు? పోయిన వారం వెనక చక్రానికి సరిగ్గా రాయలేదు, అందుకే ఆ ఇసకలో పడినాడు" అంది.

ఇన్నాళ్ళూ ఆయన్ని పడేసింది తన చెయ్యేనని తెలిస్తే ఆమె తట్టుకోలేదు. చెప్పకపోతే, ఇప్పుడు నేను తుడిచినా వచ్చే ఆదివారం మళ్ళీ రాస్తుంది. ఏం చేయాలో తెలియక తలుపు పట్టుకుని నిలబడ్డాను.

లోపల కునుకు తీస్తున్న నాయన మంచం మీద నుంచి లేచి వచ్చాడు. రిమ్ము మీద వేలు పెట్టి రాసి చూసుకున్నాడు. నా మొహం చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. పంచె మోకాళ్ళ పైకి లాక్కుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఏమే, ఆ నూనంతా ఇనుముకు పోసేదెందుకు? దానికేం నొప్పి? ఈటికి రాయి. నొప్పులు నాకు."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. డాక్టరు నొక్కి నొక్కి అడిగినా లేదనే చెప్పిన మనిషి ఆయన.

"నొప్పి అని ఎప్పుడన్నా అన్యావా నువ్వు? ఇన్నేండ్లలో ఒక్కసారన్నా అన్యావా?" అని తిడుతూనే, సీసాలో మిగిలిన నూనె అరచేతిలో వంపుకుంది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయకుండా మోకాళ్ళు రుద్దింది. నేను సైకిలును దొడ్లోకి తీసుకుపోయి రిమ్ములు తుడిచాను.

సోమవారం కట్ట దిగుడులో బ్రేకు పట్టింది. ఆ మాట చెప్పడానికి నాయన పనికాడి నుంచి ఫోన్ చేశాడు. బాగుచేసిన నాకు కాదు, అమ్మకు.