చెప్పే కొలత, కత్తిరించే కొలత

అమ్మమ్మను మెడలో టేపు లేకుండా చూసినవాళ్లు లేరు. స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం తలుపు కొక్కేనికి తగిలిస్తుందట. అదీ తాతయ్య చెప్పిన మాట, కాబట్టి సగమే నమ్మాలి. వీధిలో అందరికీ ఆవిడ టేపమ్మ.

మెట్ల కింది గదిలో ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం. ఆ అద్దం ముందు నిలబడిన ప్రతి ఆడమనిషికీ అమ్మమ్మ దగ్గర రెండు కొలతలుండేవి. పైకి చెప్పేది ఒకటి, కత్తిరించేది ఒకటి. నడుం ముప్పై ఆరు వస్తే, "ముప్పై మూడేనమ్మా, ఎంత తగ్గిపోయావు!" అని పైకి అంటూ పుస్తకంలో ముప్పై ఆరే రాసుకునేది. గౌను చక్కగా సరిపోయేది, వేసుకున్నావిడ ఉబ్బితబ్బిబ్బయ్యేది. అది అబద్ధం కాదు, మర్యాద అని అమ్మమ్మ వాదన.

యాభై ఒకటో ఏట ఆవిడకు నెలసరి ఆగిపోయింది. ఆగి ఊరుకున్నా బాగుండేది. వేడి ఆవిర్లను తన బదులు పంపించి మరీ వెళ్లింది. ఉన్నట్టుండి మెడ మీంచి చెవులదాకా ఎవరో పొయ్యి రాజేసినట్టుండేది. ఫ్యాను పెంచేది, రెండు నిమిషాలకు చలంటూ కట్టేసేది. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. ఒకరోజు కత్తెర కోసం గదంతా గాలించింది. గుడ్డముక్కల్ని అటూ ఇటూ నెట్టింది ఆ కత్తెరతోనే.

"ఏమే, ఒకచోట కాలు నిలవదా నీకు? మొదటి గేరులోంచి నాలుగో గేరులోకి దూకుతున్నావు" అనేవాడు తాతయ్య. ఆయన బస్సు డ్రైవరు. లోకమంతా ఆయనకు గేర్లలోనే కనిపించేది.

"మీకేం, మీ ఇంజను వేడెక్కితే నీళ్లు పోస్తారు. నాకెవరు పోస్తారు?"

"పొయ్యమంటే బకెట్టు తెస్తా."

నవ్వేసేది. కానీ నవ్వులో దాచేసిన సంగతి ఒకటుంది. మిషను మీంచి కాలు తీస్తే దాని చప్పుడు ఆగిపోయేది. గుండెల్లో టకటక మాత్రం ఆగేది కాదు. మేడ మెట్లు ఎక్కుతూ సగంలో నిలబడిపోయి, గోడ రంగు ఊడిందేమో చూస్తున్నట్టు నటించేది. అలా నిలబడ్డప్పుడల్లా తన అక్క గుర్తొచ్చేది.

అక్కకు నెలసరి ఆగిన నాలుగేళ్లకు, ఒక మధ్యాహ్నం వీపు మధ్యన నొప్పంది. దవడ లాగుతోందంది, ఆయాసమంది. దుప్పట్లు ఉతికి అలిసిపోయిందనుకున్నారంతా. గుండెపోటంటే మగవాళ్లు ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకునేవాళ్లు. నొప్పుల మందు వీపుకు రాసింది అమ్మమ్మే. "హాయిగా ఉందే చిన్నదానా" అంది అక్క. సాయంత్రానికి మనిషి లేదు. ఆ సీసా ఇంకా అలమరలోనే ఉంది. మూత తియ్యదు, బయట పారెయ్యదు.

ఒకరోజు, కుట్టడానికిచ్చిన తెల్లకోటు కోసం ఆరోగ్యకేంద్రం నర్సు వచ్చింది. యాభై దాటిన మనిషి, నోరు మాత్రం పాతికేళ్లది.

"అక్కా, మన వయసు ఆడవాళ్లకి గుండె పరీక్షలు చేస్తున్నాం. ఎప్పుడొస్తున్నావు?"

"నీ కోటు అయ్యాక చూద్దాంలే."

"కోటు పేరు చెప్పి నెల తిప్పుతున్నావు. ఇన్నాళ్లూ రక్తనాళాలకి కాపలా కాసిన హార్మోను నెలసరి ఆగాక తగ్గిపోతుంది. బీపీ, చక్కెర, కొవ్వు, నడుం చుట్టుకొలత కిక్కురుమనకుండా పెరుగుతాయి. ఆవిర్లయితే తెలుస్తాయి, ఇవి తెలియవు. సరే, ఇక్కడే మొదలెడదాం. నడుం ఎంత?" అంటూ సంచిలోంచి కాగితం తీసింది.

"ముప్పై రెండు" అంది అమ్మమ్మ, తడుముకోకుండా.

నర్సు కలం ఆగింది. "ఇది చెప్పే కొలతా, కత్తిరించే కొలతా?"

అమ్మమ్మ నోట్లోని గుండుసూదులు నేలమీద పడ్డాయి.

"నన్ను ముప్పై నాలుగన్నావు. నువ్వటు తిరిగినప్పుడు పుస్తకం చూశా, ముప్పై ఎనిమిదని ఉంది. ఆ రోజు నుంచే నడక మొదలెట్టాను. నీకెవరు చూపిస్తారే పుస్తకం?"

నిజానికి అమ్మమ్మ తన ఒళ్లు కొలుచుకుని ఏళ్లయింది. బట్టలు బిగిస్తే లోపలి మడత విప్పి వదులు చేసుకునేది, అంతే. కిందటి నెల విప్పబోతే మడతే మిగల్లేదు.

నర్సు ఆవిడ మెడలోంచి టేపు తీసుకుంది. అమ్మమ్మ గబుక్కున ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంది.

"వదులు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన కొలవాలి, గౌనుకి కొలిచేచోట కాదు."

ముప్పై తొమ్మిది. అద్దంలో ఇద్దరూ చూశారు. ఎవరూ మర్యాద చెయ్యలేదు.

ఒక్క అబద్ధం ఊడిపోయాక మిగతావి నిలవలేదు. మెట్ల సంగతి, టకటక సంగతి చెప్పేసింది. చివరికి, "మా అక్క పోయిన రోజు మందు రాసింది నేనే" అంది. నర్సు ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "లే, ఇప్పుడే పద" అంది. తెల్లకోటు సగం చెయ్యి సూది కిందే ఉండిపోయింది.

ఆరోగ్యకేంద్రంలో బీపీ చూస్తే పైది నూట అరవై, కిందిది తొంభై ఎనిమిది. కూర్చోబెట్టి మళ్లీ చూసినా అంతే. ఈసీజీ పెట్టి గుండె గీతలు తీశారు, రక్తం తీశారు. గుండె ఇంకా బాగానే ఉందనీ, బీపీని ఇలాగే వదిలేస్తే ఉండదనీ డాక్టరమ్మ చెప్పింది. రోజూ మాత్ర, కూరలో ఉప్పు తగ్గింపు, అరగంట చురుకైన నడక. వీపు నొప్పి, దవడ లాగడం, ఆయాసం వస్తే మందు రాసుకుంటూ కూర్చోవద్దు, వెంటనే రావాలంది. అమ్మమ్మ తల దించుకుని వింది.

కాలు నిలవని జబ్బు ఇన్నాళ్లకు పనికొచ్చింది. పొద్దున్నే వీధి చివరిదాకా ఆవిడ ముందు, వెనకాల రొప్పుతూ తాతయ్య. "మలుపులో బ్రేకెయ్యవే!" అని ఆయన కేకలు. ఆవిర్లు పోలేదు. గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటే భయంతో చెయ్యి మెడలో టేపును పట్టుకుంటుంది. పుస్తకం మొదటి పేజీలో మాత్రం "నేను, 39" అని రాసుకుంది, కింద బోలెడు ఖాళీ వదిలి.

అద్దం ముందుకొచ్చే పెద్దవాళ్లకే కష్టకాలం దాపురించింది.

"నడుం ఎంత టేపమ్మా?"

"చెప్పేది ముప్పై ఆరు, కత్తిరించేది నలభై. ముఖం ముడుచుకోకు. నెలసరి ఆగిందా? బీపీ ఎప్పుడు చూపించావు?"

"గౌనుకి బీపీ ఎందుకే?"

"నేను సూదిలో దారం ఎక్కించేలోపు నర్సుకి బీపీ చూపించుకుని రా. అప్పటిదాకా నీ గుడ్డ మీద కత్తెర పెట్టను."