మూడు తరాల బోర్డు

మా బ్లాక్‌కు కొత్త పెయింటు వేస్తున్నారు. లిఫ్ట్ దిగగానే ఆ వాసన తగిలి, పోయిన నెల చూసిన గోడ గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళు మండింది. సహోద్యోగి తండ్రి పోతే అంత్యక్రియల సంస్థకు వెళ్ళాను. అక్కడా కొత్త పెయింటే, సాంబ్రాణి పొగతో కలిసి. గోడ మీద నిలువెత్తు బోర్డు, బంగారు రంగు అక్షరాల్లో 'మూడు తరాల సేవ' అని. తాతగారి ఫొటో, తండ్రిగారి ఫొటో, కొడుకుగారి ఫొటో, కింద కొత్త కంపెనీ ముద్ర. ముప్పై ఏళ్ళు ఆ సంస్థను నడిపిన సరోజా ఆంటీకి అంత గోడ మీద జానెడు చోటు దొరకలేదు!

ఆవిడను మొదట చూసింది సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లోనే. నన్ను చూడ్డానికి ఒంగోలు నుంచి వచ్చిన అమ్మ మూడో వారంలోనే గుండె ఆగి పోయింది. ఈ పరాయి దేశంలో ఎవరిని పిలవాలో, ఏం చేయాలో నాకు తెలియదు. పొట్టిగా, చీర కొంగు బిగించి వచ్చిన ఆవిడ ముందు కాగితాలు అడగలేదు. "ఇంట్లో అమ్మను ఏమని పిలుస్తారు మా?" అంది. చిట్టెమ్మ అని చెప్పాను. స్నానం చేయించేటప్పుడు ప్రతి పనికీ ముందు అమ్మకు చెప్పింది. "చిట్టెమ్మా, నీళ్ళు పోస్తున్నా. తల కొంచెం ఎత్తుతా, ఏమనుకోకు." నేను వింతగా చూస్తే, "చెప్పకుండా ముట్టుకుంటే నీకైనా కోపం వస్తుంది కదా లా," అంది. తాతల నాడు ఇక్కడికి వచ్చిన కుటుంబం వాళ్ళది. వాళ్ళ తెలుగులో తమిళమూ మలాయ్ కూడా కలిసిపోయాయి, మాట చివరి ఆ 'మా', 'లా' అలా వచ్చినవే.

ఆ తర్వాత తెలుగు కుటుంబాలకు అవసరమైనప్పుడల్లా ఆవిడ వెంట వెళ్ళేదాన్ని. అప్పటికే ఆవిడ తండ్రి పోయి, సంస్థ ఆవిడ తమ్ముడి పేరు మీదికి వచ్చింది. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి, శవం ఉన్న గదిలో అడుగు పెట్టడానికే జంకేవాడు. పని మొత్తం అక్కది. "ఆడపిల్ల పేరు మీద ఇలాంటి వ్యాపారం ఎందుకన్నారు నాన్న. పోనీలే మా, పని నాదే కదా," అనేది. ఆ 'పోనీలే' వింటేనే నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఒకరోజు మేమిద్దరం పూలదండలు సర్దుతుంటే ఎవరో వచ్చి టేపుతో గోడలు కొలవసాగాడు.

"ఎవరప్పా నువ్వు?" అంది ఆంటీ.

"కొత్త ఓనర్ పంపించారు ఆంటీ."

ఫోన్ చేస్తే తమ్ముడు తొణక్కుండా చెప్పాడు. "నీకు వయసయింది అక్కా. ఇంక రెస్ట్ తీసుకో లా." తన బతుకంతా ధారపోసిన సంస్థ చేతులు మారిన సంగతి ఆవిడకు అలా, ముక్కూ మొహం తెలియని వాడి నోట తెలిసింది. దండలు సర్దడం ముగించి, చేతులు కడుక్కుని, వుడ్‌ల్యాండ్స్‌లోని తన ఇంటికి వెళ్ళే రైలెక్కింది. మళ్ళీ అటు రాలేదు. రెండేళ్ళకు పోయింది.

అందుకే పోయిన నెల ఆ బోర్డు చూసి ఊరుకోలేకపోయాను. చావు జరిగిన చోట గొంతు పెంచకూడదని తెలిసీ మేనేజరును నిలదీశాను. "ఇందులో సరోజ గారి పేరేది?"

అతను పాపం మర్యాదగానే చెప్పాడు. "మేము ఏమీ మార్చలేదు మేడమ్. పాత వెబ్‌సైట్‌లో ఉన్న చరిత్రనే పొల్లు పోకుండా వేశాం. చాలా బాగా రాశారు."

ఆ వెబ్‌సైట్ చేసింది నేను.

అమ్మ పోయిన ఏడాదే, ఆంటీకి ఏదో ఒకటి చేయాలని, శనివారాలు కూర్చుని చేశాను. తమ్ముడు చెప్పుకుంటూ పోయాడు, నేను టైపు చేసుకుంటూ పోయాను. తాత, తండ్రి, కొడుకు. ఓనరు చెప్పిందే చరిత్ర అనుకున్నాను. అమ్మకు ఆఖరి స్నానం చేయించిన మనిషి పక్క గదిలోనే ఉంటే, పిలిచి ఒక్క మాట అడగాలని తోచలేదు. పూర్తయ్యాక చూపిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"అంతేనా మా?" అంది.

"అంతే ఆంటీ," అన్నాను సంబరంగా.

బోర్డు మార్చమని ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటిలోనూ తమ్ముణ్ణీ కంపెనీనీ కడిగేశాను. ఆ చరిత్ర టైపు చేసిన చేతులు నావేనని మాత్రం ఒక్కదానిలోనూ రాయలేకపోయాను.