రెండోసారి వచ్చిన వేడి

కడుపులో ఉన్నది క్యాన్సరని తేలాక కూడా శకుంతలమ్మ మొయినాబాద్ పక్కనున్న తన చామంతి తోటకు వెళ్లడం మానలేదు. తెల్లవారకముందే పూలు కోసి, గంప నెత్తిన పెట్టుకుని ఆటో దాకా నడిచేది.

ఆపరేషన్‌కు ముందు రక్తనాళాల సీటీ స్కాన్ తీయాలన్నారు. క్యాన్సరున్న జీర్ణాశయాన్ని తీసేటప్పుడు దానికి రక్తం తెచ్చే నాళాన్ని కోయాలి. కొందరిలో ఆ నాళం నుంచే కాలేయానికి ఒక కొమ్మ వెళుతుంది. తెలియక కోస్తే కాలేయంలో కొంత భాగం దెబ్బతినవచ్చు. సర్జన్ వనిత ఇదంతా కోడలు నవతకు బొమ్మ గీసి చెప్పింది. శకుంతలమ్మ ఆ బొమ్మ వైపు చూడలేదు.

స్కాన్ గదిలో టెక్నీషియన్ జితేందర్ ఆమెకు నీళ్లు తాగించి పడుకోబెట్టాడు. చేతులు తలపైకి పెట్టించాడు. నరంలోకి మందు పోతుంటే ఒంట్లో వేడి పుడుతుందని, ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలని చెప్పి, పక్క గదిలోకి వెళ్లి తలుపు మూశాడు.

వేడి గొంతులో మొదలైంది. ఛాతీ దాటింది. పొత్తికడుపు కిందికి దిగింది. ఆమె ఒక్కసారిగా కాళ్లు ముడుచుకుని పక్కకు ఒరిగింది.

స్కాన్‌లో చూడవలసిన చోటే బొమ్మ చెదిరింది.

ఎందుకు కదిలిందో ఆమె చెప్పలేదు. దుప్పటి చుట్టుకుని కూర్చుంది. కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఆ మందు మళ్లీ ఎక్కించవచ్చని, రేపు మళ్లీ తీద్దామని వనిత అంది. శకుంతలమ్మ రానంది. బొమ్మ లేకుండానే కోయమంది.

బట్టలు మార్చడానికి నవత ఆమెను బాత్రూంలోకి తీసుకెళ్లింది.

"నువ్వు బయటికి పో బిడ్డ. ఈ గౌను నేనే ఉతికిస్త."

"గౌను ఎందుకు ఉతుకుడు?"

శకుంతలమ్మ గోడవైపు తిరిగింది. "అండ్లనే ఉచ్చ పోసుకున్న. ఆ పిలగాని ముందట."

నవత దుప్పటి తొలగించింది. "తడే లేదు అత్తమ్మ. పట్టి చూడు."

పట్టి చూసింది. పొడిగా ఉంది.

నవత చెప్పింది విని, బయట జితేందర్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మందుకు చాలామందికి అలాగే అనిపిస్తుందట. మిగతా వాళ్లకు ముందే చెబుతాడట.

"మీరు మా అమ్మకన్న పెద్దోళ్లు పెద్దమ్మ. ఆ మాట మీ ముందట ఎట్ల అనాలె అనుకున్న."

"కడుపు కోస్తరని మాత్రం మంచిగనే చెప్తిరి," అంది శకుంతలమ్మ.

మరునాడు మళ్లీ వచ్చింది. అదే బల్ల. గంపను పట్టుకున్నట్టు చేతులు తలపైకి. జితేందర్ తలుపు దగ్గర ఆగాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"పోసుకున్నట్టే అనిపిస్తది పెద్దమ్మ. ఏం కాదు. కదలకుండ్రి."

వేడి దిగింది. ఊపిరి బిగబట్టింది. నిజంగానే అవుతున్నదనిపించింది. అయితే కానియ్యి అనుకుంది. కదలలేదు.

సాయంత్రం తెర మీద కడుపు నాళం తెల్లగా కనిపించింది. దాని నుంచి సన్నటి కొమ్మ ఒకటి చీలి కాలేయం వైపు వంగింది. ఆ కొమ్మ దాటాకే కోస్తానని వనిత పెన్నుతో చూపించింది.

శకుంతలమ్మ ఈసారి తెరకు దగ్గరగా జరిగింది.

"నిన్న కనబడనిది ఇదేనా?"

ఇదేనంది వనిత.